ఐదున్నర టికెట్టు

పదిహేడు ముప్పై అంటే సాయంత్రం ఐదున్నర. ఈ సంగతి నాకు బాగా తెలుసు. పాతికేళ్ళు సూరత్‌లో ఒక చీరల కంపెనీలో చెకింగ్ విభాగం చూశాను. రైలుకు వెళ్ళే పార్సెళ్ళ చీటీల మీద టైము నా చేత్తోనే రాసేదాన్ని. అయినా ఒకరోజు ఆ అంకె చూసి ఏడున్నర అని చెప్పాను. పొరపాటున చెప్పలేదు.

ఇప్పుడు నేను ఉద్యోగంలో లేను. లింబాయత్‌లో మా గల్లీ ఆడపిల్లలు కొందరు పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి మార్కెట్‌కు పనికి పోతుంటారు. సాయంత్రం నా గడప మీద కాసేపు కూర్చుని, మా సూపర్‌వైజర్ ఇట్లా, పక్క టేబుల్ ఆమె అట్లా అని చెప్పుకుంటారు. ఎవరి మీద ఎవరికి కుళ్ళు ఉందో నాకు రెండు మాటల్లో తెలిసిపోతుంది. ఆ రోగం నాకూ ఉండేది మరి. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

మా కంపెనీ పర్వత్ పాటియా దగ్గర ఉండేది. చీరలు రంగు, అచ్చు వేయించుకుని మా దగ్గరికి వచ్చేవి. మేం బల్ల మీద పరిచి చూసి, మరక ఉన్నవి, దారం తెగినవి పక్కన పడేసి, మంచివి మడతపెట్టి డబ్బాలకెక్కించేవాళ్ళం. పద్దెనిమిది మంది ఆడవాళ్ళం. సగానికి పైగా మన తెలంగాణ వాళ్ళమే. మా ఇళ్ళ మగవాళ్ళు మగ్గాల మీద, మేం మడతల మీద. అందరూ నన్ను పెద్దక్క అనేవాళ్ళు. మా యజమాని శేఠ్ కూడా, “పెద్దక్క చూసిందా? అయితే పంపేయండి” అనేవాడు. పదిహేనేళ్ళు ఆ ఒక్క మాట మీద బతికాను.

తర్వాత సూరత్‌లోనే డిండోలి నుంచి ఒకామె వచ్చి చేరింది. నాకంటే పన్నెండు, పదమూడేళ్ళు చిన్నది. నేను పెద్దక్కను కాబట్టి ఆమె చిన్నక్క అయింది. పేరు పెట్టింది నేనే.

ఆమె చేయి వేరు. నేను కళ్ళతో చూసేదాన్ని, ఆమె వేళ్ళతో చూసేది. పక్కవాళ్ళతో మాట్లాడుతూనే చీర మీద చేయి జరుపుతూ పోయి, ఒకచోట ఆగేది. అక్కడ తప్పకుండా ఏదో ఒకటి ఉండేది. మడత పెడితే అంచు, కొంగు రెండూ పైకి కనబడుతూ, కొనేవాళ్ళు విప్పకముందే చీరంతా చూసినట్టు ఉండేది. నేను రాత్రుళ్ళు ఇంట్లో నా పాత చీర తీసి ఆ మడత నేర్చుకోవాలని చూశాను. రాలేదు. ఆమెను అడిగితే రెండు నిమిషాల్లో చూపించేది. అడగలేదు.

ఒకసారి నేను చూసి పంపిన రెండు వందల చీరల్లో నీలం రంగు రెండు ఛాయలుగా వచ్చింది. ట్యూబులైటు కింద నాకు తేడా తెలియలేదు. చిన్నక్క రెండు చీరలు పట్టుకుని కిటికీ దగ్గరికి పోయి వెలుతురులో చూసి, “అక్కా, ఇవి రెండు అక్కాచెల్లెండ్లు గాని కవలలు కావు” అంది. అందరూ నవ్వారు. శేఠ్ కిందికి దిగి వచ్చాడు. ఆ రోజు నుంచి ఆయన నోట, “చిన్నక్కకు కూడా ఒకసారి చూపించండి” అనే మాట మొదలైంది.

‘కూడా’ అనే మాట అంత బరువుంటుందని నాకప్పటిదాకా తెలియదు.

ఇంతలో శేఠ్ కోడలు వ్యాపారంలోకి వచ్చింది. చదువుకున్న పిల్ల, చురుకైనది. మేమంతా భాభీ అనేవాళ్ళం. నన్ను మాత్రం ఆమె మాసీ, అంటే పిన్నీ, అని పిలిచేది. ఒకరోజు భాభీ దుబాయ్‌లో చీరల ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెడుతున్నామని చెప్పింది. అక్కడ వచ్చిన వాళ్ళ ముందు బొమ్మకు చీర కట్టి చూపించాలి, విప్పినవి మళ్ళీ మడత పెట్టాలి. దానికి ఒక మనిషి కావాలి.

“చిన్నక్కను తీసుకుపోతా” అంది.

ఆ రాత్రి నేను అన్నం తినలేదు. మా ఆయన మగ్గం దగ్గర పన్నెండు గంటలు నిలబడి వచ్చి, తిని, గోడ వైపు తిరిగి పడుకునే మనిషి. మంచివాడు. అటు తిరిగే, “ఏమైంది?” అన్నాడు. చెప్పాను. “ఆమె పోతే పోనీ. నీకేం పోయింది?” అన్నాడు. నాకేం పోయిందో చెప్పడానికి తెల్లవారేదాకా మాటలు వెతుక్కున్నాను.

మర్నాడు భాభీ దగ్గరికి పోయి కన్నీళ్ళు పెట్టుకున్నాను. పాతికేళ్ళు చేశాను, రిటైర్ కాబోతున్నాను, విమానం ముఖం చూడలేదు అన్నాను. భాభీ మెత్తబడింది. “సరే మాసీ, ఇద్దరూ రండి” అంది. నేను ఏడ్చి తెచ్చుకున్న సీటు అది. చిన్నక్క అడగకుండానే వచ్చిన సీటు ఆమెది. ఆ తేడాను కూడా నేను వదలకుండా మోసుకుపోయాను.

పాస్‌పోర్టు వచ్చిన రోజు మా గల్లీ అంతా వచ్చి పట్టుకుని చూశారు. దుబాయ్‌లో ప్రపంచంలోకెల్లా పొడుగు బిల్డింగు, బుర్జ్, ఉందట గదా, ఎక్కుతవా అని అడిగారు. ఎక్కకుండా ఎట్ల వస్తా అన్నాను. భాభీ ఆ మాట ఎత్తనైనా లేదు. నేనే అనేశాను.

పనిలో ఇదే మాట వచ్చినప్పుడు చిన్నక్క చీర మడుస్తూ అంది: “నేనైతే ఎట్లనన్న జేసి ఎక్కాలె. మా ఆయన మూడేండ్లు దాని కాడనే ఉన్నడు. నా సవతి అది. సవతి మొఖం ఒక్కసారన్న చూడొద్దా?”

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆమె మొగుడు పెళ్ళైన కొత్తలో దుబాయ్ పోయి, ఆ బుర్జ్ కడుతున్నప్పుడు కూలీ పని చేశాడని అప్పుడే తెలిసింది. ఆ మూడేళ్ళూ ఈమె కరీంనగర్ దిక్కు తల్లిగారింట్లో ఉంది. ఆయన ఉత్తరం రాయలేదు. నెలకో, రెండు నెలలకో ఫోన్ చేసి, బాగున్నరా, బాగున్న అని పెట్టేసేవాడట. తిరిగి వచ్చాక సూరత్ చేరారు. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయి డిండోలిలో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా ఉన్నాడు.

“మూడేండ్లు ఏం ఆలోచించినవయ్యా అంటే నవ్వుతడు” అంది. “నా ఉసురు తగలకుండ అంత పొడుగు ఎట్ల లేసిందో చూస్త.”

ఇదంతా విన్న తర్వాతే నేను ఆ పని చేశాను. గుర్తుంచుకోండి.

ఎగ్జిబిషన్ మూడు రోజులు. మొదటి రోజు పదింటికల్లా మా స్టాల్ ముందు గుంపు. చిన్నక్క బొమ్మకు రెండు నిమిషాల్లో చీర కట్టేది, కుచ్చిళ్ళు ఒక్కటి కూడా పక్కకు పోకుండా. అక్కడి ఆడవాళ్ళు ఫోన్లు పట్టుకుని ఆమె చేతులను వీడియో తీసుకునేవాళ్ళు. ఒకామె, “మళ్ళీ ఒకసారి కట్టు” అని కూర్చుండిపోయింది. నేను వెనక నిలబడి విప్పిన చీరలు మడత పెట్టాను, నా పాత పద్ధతిలో. సాయంత్రం భాభీ వచ్చి నేను మడిచినవి చూసి పక్కన పెట్టింది. రెండో రోజు పొద్దున అవే చీరలు చిన్నక్క చేత మళ్ళీ మడత పెట్టించింది. చిన్నక్క నాకేసి చూడకుండా గబగబా మడిచేసింది. నన్ను చూడకపోవడం ఆమె మర్యాద. అది కూడా నా ఒళ్ళు మండించింది.

మూడో రోజు మధ్యాహ్నం స్టాల్ సర్దేస్తుంటే భాభీ సంబరంగా వచ్చింది.

“బుర్జ్‌కు రెండు టికెట్లు తీసుకున్నాం, నేనూ మా ఆయనా పోదామని. ఆయనకు వేరే మీటింగు పడింది. చిన్నక్కా, నువ్వు వస్తావా నాతో?”

చిన్నక్క చేతిలో చీర అలాగే ఉండిపోయింది. తల ఊపింది. ఒక్కసారి కాదు, చిన్నపిల్లలా మూడుసార్లు.

భాభీ నావైపు తిరిగింది. “మాసీ, మీకు కాళ్ళ నొప్పులు గదా. మీరు చిన్నక్కను గేటు దాకా తీసుకొచ్చి, కింద కూర్చోండి. టికెట్ ఫొటో తీసి మీ ఫోన్‌కు పంపుతా. టైము దాటితే లోపలికి వదలరు, జాగ్రత్త.” అక్కడి సిమ్ మా ఇద్దరిలో నాకొక్కదానికే ఇప్పించింది. అలా చెప్పి వెళ్ళిపోయింది.

కింద కూర్చోవాలట. ప్రపంచంలోకెల్లా పొడుగు కట్టడం కింద, సంచులు పట్టుకుని.

కాసేపటికి ఫోన్ మోగి ఫొటో వచ్చింది. మీద 17:30 అని ఉంది.

“ఎన్నింటికక్కా?” అంది చిన్నక్క.

నేను ఫోన్‌ను చేత్తో కొంచెం అటు తిప్పాను. “ఏడున్నరకు” అన్నాను.

నోరు దానంతట అదే అన్నదని రాయాలని ఉంది. కానీ ఆ మాటకు ముందు ఒక ఊపిరి పీల్చుకున్నంత సేపు ఉంది. ఆ సేపట్లో నేను మొత్తం ఆలోచించాను. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో కూడా.

“అయితే మస్తు టైమున్నది” అంది ఆమె. “రూముకు పోయి స్నానం జేసి చీర మార్చుకుంట. ఇంటికాన్నుంచి చిలకపచ్చ చీర తెచ్చుకున్న అక్కా, దీనికోసమే.” వెంటనే తన మొగుడికి కబురు చెప్పాలని నా ఫోన్ తీసుకుంది. అక్కడ వాట్సాప్ వీడియో కాల్ కలవదు. మామూలు కాల్ చేసింది. “ఈ రోజే ఎక్కుతున్న. పైకి పోయినంక పెద్దక్క ఫోన్ నుంచే జేస్త. ఎత్తు” అంది. ఆయన ఏదో అన్నాడు. ఈమె సిగ్గుపడి, “సరె సరె, పైనే చెప్పు” అని పెట్టేసింది.

“ఏమంటున్నడు?” అన్నాను.

“నాకు పైన నిలబడ్డంక ఒక మాట చెప్తడట. ఇరవై ఏండ్లకు నోరు తెరుస్తున్నడు మా ఆయన.”

నిజం చెప్పడానికి నాకు అప్పటికీ టైముంది. గడియారంలో మూడు కూడా కాలేదు.

నాలుగింటికి, సామాన్లు కొన్ని భాభీకి ముందే ఇవ్వాలని చెప్పి నేను ఒక్కదాన్నే బయలుదేరాను. చిన్నక్కను ఆరున్నరకు టాక్సీలో రమ్మన్నాను. ఐదు దాటి పది నిమిషాలకు గేటు దగ్గర ఉన్నాను. భాభీ అప్పటికే వచ్చి నిలబడింది.

“చిన్నక్క ఏది మాసీ?”

“రూముల ఉన్నది. ఏడున్నరకు గదా?”

భాభీ నెత్తి కొట్టుకుంది. “పదిహేడు ముప్పై అంటే ఐదున్నర మాసీ!”

“అయ్యో, ఏడు కనబడితే ఏడున్నర అనుకున్ననే” అన్నాను. చెంపలు కూడా వేసుకున్నాను. నాటకం బాగా వచ్చింది. ఇంత పనితనం చీర మడతల్లో ఉంటే ఎంత బాగుండేదో.

భాభీ హోటల్‌కు ఫోన్ చేసి గదికి కలిపించింది. టాక్సీలో ఎంత వేగంగా వచ్చినా నలభై నిమిషాలు. వేరే టికెట్లు అడిగింది. ఆ సాయంత్రానికి అన్నీ అయిపోయాయి. మర్నాడు పొద్దున్నే మా విమానం. చివరికి ఫోన్ నా చేతికిచ్చింది.

“అక్కా” అంది చిన్నక్క. షవర్ కట్టేయనట్టుంది, నీళ్ళ చప్పుడు వినబడుతోంది. “అయితే నువ్వు పో. టికెట్ ఎందుకు ఖరాబ్ చేసుడు. పైకి పోయి మా ఆయనకు ఒక్క ఫోన్ కొట్టు. కాసుకొని కూసుంటడు పాపం.”

సరేనన్నాను. లిఫ్టు ఎక్కాను. చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. అంత ఎత్తు నిమిషంలో పోతుంది ఆ లిఫ్టు. తలుపు తెరుచుకోగానే అందరూ ఒకే వైపు పరుగెత్తారు. అటు సముద్రం, దాని మీద దిగబోతున్న సూర్యుడు. భాభీ కూడా అటే పోయింది. ఎదురుగా ఎక్కడ చూసినా పైకెత్తిన చేతులూ ఫోన్లే. నాకు వాళ్ళ వీపులే కనబడ్డాయి. అయినా ఒకటే ఆనందం. ఎక్కాను. ఆమె ఎక్కలేదు. నేను ఎక్కాను.

చిన్నక్క మొగుడికి ఫోన్ కలిపాను. ఒక్కసారి కూడా పూర్తిగా మోగలేదు, ఎత్తేశాడు.

“ఎక్కినవా?” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే ఆయన మొదలుపెట్టాడు. “నువ్వు ఏం మాట్లాడకు. నేను చెప్పేది ఇను. ఆపితె మల్ల నాకు నోరు రాదు. అందరు పొద్దుగూకే దిక్కు ఉన్నరు గదా? నువ్వు అటు పోకు. ఎనుకకు తిరుగు. పొద్దు నీ ఈపుకు తగలాలె. గా అద్దం కాడికి పో.”

నేను తిరిగాను. ఎందుకు తిరిగానో నాకే తెలియదు. తూర్పు వైపు అద్దం దగ్గర ఎవరూ లేరు. ఒక్కదాన్నే నిలబడ్డాను.

“ఏం గనవడ్తలేదు గదా? ఇసుక, పొగ. గా దిక్కే మన ఊరు. నాకు ఎవలు చెప్పలె. పొద్దు అటు గూకుతె ఇది తూర్పు గదా అని నేనే సమజ్ చేసుకున్న. మేం కట్టేటప్పుడు ఈ అద్దాలు లెవ్వు. గాలి కొడితె మనిషి ఊగుతుండె. గీ యాల్లనే షిఫ్టు మారేది. అందరు లిఫ్టుకు ఉరుకుతుండ్రి. నేను ఆఖరు లిఫ్టుకు దిగేది. ఎందుకంటె మనకాడ గంటన్నర ముందుంటది. గప్పుడు నువ్వు పొయ్యి కాడ ఉంటవు. అన్నం ఉడుకుతాంటె మూత తీసి, చెయ్యి కాలి, చెవి పట్టుకుంటవు చూడు, గది యాదికి తెచ్చుకుంట నిలవడుతుంటి. మూడేండ్లు రోజు చూసిన. నువ్వేమో మర్సిపోయిండని మీ అమ్మకు చెప్పుకుంట ఏడ్సినవట. మర్వలె. నాకు చెప్పరాలె.”

అక్కడ ఆగాడు. ఆయన ఊపిరి వినబడుతోంది.

మొదటి మాటకే నేను ఎవరో చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆ మాటలు ఇంకొక ఆడదానివి. నేను చెవి ఒగ్గి చివరిదాకా విన్నాను. మీరు అడుగుతారు, అప్పుడైనా సిగ్గు పడలేదా అని. పడాల్సిన చోటే. కానీ నిజం ఏమిటంటే నాకు అప్పుడు కలిగింది సిగ్గు కాదు. అంతకుముందు నేను ఆమె వేళ్ళను చూసి కుళ్ళుకున్నాను, పేరును చూసి కుళ్ళుకున్నాను, టికెట్‌ను చూసి కుళ్ళుకున్నాను. అదంతా ఒట్టి చిల్లర. అసలుది ఆ అద్దం దగ్గర పుట్టింది. నేను మూత తీసి చెయ్యి కాల్చుకున్నది ఈ లోకంలో ఎవరైనా గమనించారా? పక్కనే కూర్చుని తిన్న మనిషైనా చూశాడా? ఆమెను మాత్రం ఒకడు ఇంత దూరం నుంచి, ఇంత ఎత్తు నుంచి రోజూ చూశాడు. ఆమె దగ్గర్నుంచి తీసుకోవడానికి నాకు చేతకానిది ఇది ఒక్కటే.

“ఇంటున్నవా?” అన్నాడు.

“తమ్మీ” అన్నాను. “నేను పెద్దక్కను.”

అటు కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆ తర్వాత, “ఆమె ఏది?” అన్నాడు.

“టైముకు రాలేకపోయింది. రూముల ఉన్నది.”

“నువ్వు ఇన్నవా అక్కా, అంత?”

“సిగ్నల్ లేదు తమ్మీ. గరగర అన్నది. ఏం సమజ్ కాలె.”

“మంచిదాయె” అన్నాడు, ప్రాణం లేచి వచ్చినట్టు. “ఏం లేదక్కా. ఊకె మాట్లాడిన.”

కిందికి దిగేసరికి చీకటి పడింది. చిన్నక్క అక్కడ ఉంది. రానక్కర్లేదని తెలిసీ టాక్సీ చేసుకుని వచ్చింది. చిలకపచ్చ చీర కట్టుకుని, మెడ వెనక్కి వంచి, దీపాలు వెలిగిన ఆ బుర్జ్‌ను కింది నుంచి పైదాకా చూస్తోంది. భాభీ పోయి ఆమె భుజం మీద చేయి వేసింది. చిన్నక్క నన్ను చూసి అడిగింది, “ఎట్లున్నదక్కా?”

“ఏమున్నది? పొగ” అన్నాను.

“మా ఆయన ఏమన్నడు?”

“సిగ్నల్ రాలె.”

భాభీ చేతిలోని టికెట్ కాగితం తీసుకుని చూసింది చిన్నక్క. చాలాసేపు చూసింది. తిరిగి ఇచ్చేసింది. విమానంలో కిటికీ సీటు ఆమెకు వస్తే, నేను అడక్కముందే నాకిచ్చి మధ్యలో కూర్చుంది.

సూరత్ వచ్చాక మా గల్లీలో పదిరోజులు నాకు రాజభోగం. బుర్జ్ ఎక్కిన పెద్దక్క. ఒకామె, పైనుంచి ఏం కనబడిందని అడిగితే సముద్రం, సూర్యుడు అని చెప్పాను. వాటిని నేను సరిగ్గా చూడనైనా లేదు. మా ఆయన ఒక్కటే అడిగాడు, “ఎంత ఎత్తున్నది?” “చానా” అన్నాను. “ఊ” అని తిరిగి పడుకున్నాడు. ఆ వీపు చూస్తూ ఎన్ని రాత్రులు చిన్నక్క మొగుడి మాటలు మనసులో చెప్పుకున్నానో లెక్కలేదు. నాకోసం చెప్పినట్టే చెప్పుకున్నాను. దొంగసొమ్ము కొన్నాళ్ళకు సొంతదైనట్టే ఉంటుంది.

ఏడాది గడిచింది. నా రిటైర్మెంటు దగ్గర పడింది. నా కుర్చీ చిన్నక్కకే ఇచ్చారు. అది అందరూ అనుకున్నదే. రిజిస్టరు, చీటీలు ఆమెకు నేర్పించమన్నారు. ఒక మధ్యాహ్నం అందరూ డబ్బాలు తెరిచి అన్నాలు తిన్నాక, ఇద్దరమే బల్ల దగ్గర ఉన్నాం. పార్సెల్ చీటీ మీద టైము ఎట్లా రాయాలో చెప్పబోయి ఆగిపోయాను. ఆమె తల ఎత్తలేదు.

“అక్కా, ఆ రోజు ఫోన్‌ల మా ఆయన నిజంగ ఏమనలేదా?” అంది. “ఒక మాట చెప్తనన్నడు గదా. వచ్చినంక అడిగితె ఏం లేదంటడు. మల్ల అడిగితె కోపానికొస్తడు. ఏడాది సంది అడుగుతున్న.”

ఒకసారి తప్పుడు చెవిలో పడ్డ మాట, ఇంక ఆయన నోటికి రాదని అర్థమైంది. ఆమెకు పోయింది ఒక టికెట్టే అనుకుంటూ వచ్చాను. నా దగ్గర ఉన్నది టికెట్టు కాదు.

“చెల్లె” అన్నాను. “ఆ రోజు ఐదున్నర అని నాకు తెలుసు. తెలిసే ఏడున్నర అని చెప్పిన.”

“ఎరికె” అంది ఆమె.

“ఎప్పటి సంది?”

“గా టికెట్ చేతిల పట్టుకున్న కాడి సంది. రోజు చీటీల మీద రాసేటిదానివి, నీకు పదిహేడు తెల్వదా?”

“మరి ఎందుకడగలేదు?”

“అడిగితె నువ్వు ఒప్పుకుంటవు. ఏడుస్తవు. నువ్వు ఏడిస్తె నేను మాఫ్ చెయ్యాలె.” చీటీల కట్ట సరిచేసింది. “నాకు చెయ్యబుద్ధి కాలె.”

ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. నిజమే, నా కళ్ళల్లో నీళ్ళు వచ్చేశాయి. బలవంతాన మింగాను. ఏడవడానికి కూడా నాకు హక్కు లేకుండా చేసింది.

“ఇంకొకటి ఉన్నది” అన్నాను. “సిగ్నల్ మంచిగనే ఉండె. ఆయన నువ్వే అనుకొని మాట్లాడిండు. నేను అంత ఇన్న.”

ఆమె చేయి ఆగిపోయింది. టికెట్ సంగతికి రాని కోపం అప్పుడు వచ్చింది. లేచి నిలబడింది. కొడుతుందనుకున్నాను. మళ్ళీ కూర్చుంది.

“చెప్పు” అంది. “ఆయన అన్నది అన్నట్టే చెప్పు. నీ మాట ఒక్కటి కలిపినా నాకు తెలుస్తది.”

చెప్పాను. వీపుకు పొద్దు తగలాలి అన్న దగ్గర నుంచి. ఆఖరి లిఫ్టు. పొయ్యి. మూత. చెయ్యి కాలి చెవి పట్టుకోవడం. ఆ మాట దగ్గర ఆమె చేయి దానంతట అదే చెవి మీదికి పోయింది. ‘మర్వలె, చెప్పరాలె’ దాకా చెప్పి ఆపాను.

ఆమె బల్ల కింద నుంచి సంచి తీసుకుంది. చెప్పులు వేసుకుంది. ఆ కంపెనీలో చేరిన ఇన్నేళ్ళలో పని మధ్యలో ఇంటికి పోవడం అదే మొదలు. కిటికీలోంచి చూస్తే, డిండోలి ఆటో కోసం రోడ్డుకు అడ్డంగా పరుగెత్తుతోంది. ఆమె వంతు చీరలు నేను మడిచాను. అవి బాగా రాలేదు.

మర్నాడు అందరికంటే ముందు వచ్చింది. నేను కూడా ముందే వచ్చి కూర్చున్నాను, ఏం జరుగుతుందో తెలియక. ఆమె కుర్చీ లాక్కుని నాకెదురుగా కూర్చుంది.

“నిన్ను మాఫ్ చేసిన అనుకోకు” అంది.

“అనుకోను.”

“ఆయనను అడిగిన. ‘పెద్దక్క చెప్పింది, నిజమేనా’ అన్న. మొఖం ఎర్రగ జేసుకొని గేటు కాడికి పోయి నిలవడ్డడు. అన్నానికి గూడ రాలె. ఎన్ని తీర్ల అడిగినా ఒక్క మాట చెప్తలేడు. ఇంక చెప్పడు. నాకెర్కే ఆయన సంగతి.” తలుపు వైపు చూసింది. గదిలో ఇంకా ఎవరూ రాలేదు. “అక్కా, ఇంకోసారి చెప్పు.”

చెప్పాను. మొదటి నుంచి, ఒక్క మాట వదలకుండా. ఆయన ఆగిన చోట ఆగాను. చిన్నక్క నా నోటి వంకే చూస్తూ కూర్చుంది. మూత తీసిన దగ్గరికి వచ్చేసరికి ఆమె ముఖంలోకి ఒక నవ్వు వచ్చింది. నా కళ్ళెదుటే, నా మాటలకే వచ్చింది గానీ, ఆ నవ్వు నాకోసం కాదు.